మూట ముందు అంకె

రాత్రి పదకొండు దాటితేనే ఫోన్లో మాట చవక.
అందుకని డులూత్‌లో మా మెషీన్
పగలంతా నోరు మూసుకుని
పదకొండూ ఐదుకి మినియాపొలిస్‌ని పిలిచేది.

నేను ఐలీ కొస్కెలా. రాత్రి డ్యూటీ.
రెండు జతల ఉన్ని సాక్సులు, ఫ్లాస్కులో కాఫీ,
మనుషుల కోసం కాక మెషీన్ కోసం చల్లబరచిన గది.
కిటికీ అవతల సుపీరియర్ సరస్సు
గడ్డకట్టి, ఉండుండి పళ్లు కొరికేది.

అప్పట్లో ఒక్కో వార్తా ఒక్కో ఫైలు.
ఒకడు పాత కారు అమ్ముతాడు, మూడు లైన్లు.
ఒకావిడ రై పిండి పులియలేదంటుంది, ఐదు లైన్లు.
దానికి జవాబు ఒకటే లైను: వెచ్చటి చోట పెట్టి చూడు.
ఆ ఒక్క లైను కోసం
మెషీన్ మెషీన్‌కి ఫైలు పేరు చెప్పాలి,
పంపనా అనాలి,
పంపమనిపించుకోవాలి,
పంపాక, అందిందా అనాలి,
అందిందనేదాకా ఆగాలి.
గింజకొక గోనెసంచి!

అటువైపు ఫైలుకోసారి ఒక ప్రోగ్రామ్ లేచి
కళ్లు నులుముకుని, చదివి, సర్ది, పడుకునేది.
మరుక్షణం మళ్లీ లేచేది.
స్పూల్ డైరెక్టరీలో రెండు వేల పేర్లు,
ఏది కావాలన్నా మొదటినుంచీ వెతకాలి.
డిస్క్ చప్పుడు విని చెప్పేదాన్ని.
చీకట్లో ఎవరో తాళాలగుత్తి తడుముతున్నట్టుండేది.

తెల్లారేది. సగం వార్తలు ఇంకా వరుసలోనే.

జనవరి బిల్లు చూసి
ప్రొఫెసర్ హాగ్‌లండ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
పెట్టుకుని చూశాడు. అంకె మారలేదు.
"ఇంత డబ్బు పోసి రొట్టె సంగతులా?" అన్నాడు.

మార్చిలో టేపు మీద కొత్త కోడ్ వచ్చింది.
మేం కనిపెట్టింది కాదు, ఎక్కడో ఎవరో
అప్పటికే మూటలు కడుతున్నారు.
ఓరిన్ అని, రెండో ఏడు కుర్రాడు, నిత్యం జలుబు,
ముక్కు తుడుచుకుంటూ వివరించాడు:
వందల వార్తల్ని ఒకే ఫైల్లో పోసెయ్యడమే.
మరి విడదీసేదెలా, హద్దుగా ఒక గీత గియ్యొచ్చుగా, అన్నాను.
"ఎవడో ఒకడు తన ఉత్తరంలో అదే గీత గీస్తాడు.
మనుషులు గియ్యని గీత ఉందా?"
అందుకని ప్రతి వార్త ముందూ ఒక అంకె.
ఇన్ని అక్షరాలు. లెక్కపెట్టుకో, ఆగు, తర్వాతది తీసుకో.

మా నాన్న ఇనుపరాయి రేవులో కాటా గుమస్తా.
వ్యాగన్ మీద సుద్దతో బరువు రాసేవాడు,
అన్నీ ఒకే ఓడ కడుపులోకి జారిపోయినా
లెక్కలో మాత్రం దేని దారి దానిదే.
ఓరిన్‌కి ఈ మాట చెప్పలేదు. అప్పటికే తుమ్ముతున్నాడు.

మొదటి రాత్రి నలభై నిమిషాల్లో అంతా అయిపోయింది.
ఆ గదిలో అంత నిశ్శబ్దం ఉందని
అప్పుడే తెలిసింది నాకు.

మూడో వారం ఒక మూట విరిగింది.
అంకె నాలుగువందల పన్నెండు అంటోంది,
ఉన్నవి మూడువందల తొంభై ఏడు.
తక్కువైన పదిహేనూ పక్క ఉత్తరంలోంచి కొరికేసరికి
దాని అంకె చెదిరింది, ఆపైన అన్నీ
ఒకరి నోట్లో ఒకరి మాట,
కారు ధరలో ఎవరో దేవుడి మీద వాదన.

విరిగిన చోటు తెరిచి చూశాను.
ఓమహా నుంచి ఎవరో:
మా అమ్మ మంగళవారం పోయింది.
పలకరించిన వాళ్లందరికీ.
అంతే, వాక్యం పూర్తి కాలేదు.

"దారిలో ఏదో మెషీన్
లైను చివరి ఖాళీలు దండగని కత్తిరించి ఉంటుంది,"
అన్నాడు ఓరిన్. "ఖాళీ కూడా అక్షరమే కదా లెక్కలో.
అంకె దిద్దెయ్, సరిపోతుంది."

దిద్దలేదు.
'అందరికీ' పక్కన కర్సర్ పెట్టి
స్పేస్ బార్ పదిహేనుసార్లు నొక్కాను, పైకి లెక్కపెడుతూ.
ఆవిడ కూడా అక్కడే వేలు ఆనించి
కూర్చుని ఉంటుంది కాసేపు.

మూట విడిపోయింది, ఎవరి ఉత్తరం వాళ్లకి.

ఏప్రిల్ బిల్లు ప్రొఫెసర్ ఒక్కసారే చూశాడు.
సరస్సు మీద మొదటి ఓడ హారన్ కొట్టింది.
రై పిండి పులిసిందట, ఫర్నేస్ పక్కన పెడితే.
ఆ కబురు ఏ రాత్రి, ఏ మూటలో,
ఎవరి గొడవ కింద నలుగుతూ వచ్చిందో
చూసుకోలేదు.